చీకటి పడ్డాక క్వాలిఫయింగ్

కొత్తగూడెంలో రైలు దిగి భద్రాచలం వెళ్ళే కుటుంబాలు జయరాజ్ బండి కోసం ముందే ఫోన్ చేసేవి. అతని బొలేరో ఎక్కితే వాంతులు కావని పేరు. భద్రాచలం దాటి వెళ్తే, మారేడుమిల్లి ఘాట్‌లో మలుపు మీద మలుపు వస్తుంటే వెనక సీట్లో ముసలమ్మలు కునుకు తీసేవారు. బ్రేకు ఎక్కడ తొక్కాడో, గేరు ఎప్పుడు మార్చాడో కూర్చున్నవాళ్ళకు తెలిసేది కాదు.

అతనికి ఉన్నదల్లా ఒకటే పట్టింపు. పొద్దుగూకితే బండి తీయడు. ఎంత పెద్దమనిషి బతిమాలినా, "పొద్దుగాల జల్దీ వస్త సార్. సాయంత్రం ఇంట్ల ప్రార్థన ఉంటది" అనేవాడు. అది అబద్ధమేమీ కాదు. భార్య గ్రేస్ ఊళ్ళో ఒక ప్రైవేటు దవాఖానాలో నర్సు. కూతురు ఆరాధన రెండో తరగతి. దీపాలు పెట్టే వేళకు ముగ్గురూ చాప మీద కూర్చునేవారు. తాగుడు లేదు, తిరుగుడు లేదు, చీకటి పడేసరికి ఇంట్లో ఉంటాడని చర్చిలో ఆడవాళ్ళు గ్రేస్‌ను చూసి ముచ్చటపడేవారు.

సుజన అతని బండి ఎక్కింది ఒక వానాకాలం. సత్తుపల్లి దగ్గర పామాయిల్ తోటలున్న బసవపున్నయ్య గారి అమ్మాయి. ఇంజనీరింగు చదివి తమిళనాడులో ఉద్యోగం చేస్తూ అక్కడే కారు రేసులు నేర్చుకుంది. ఆ రోజు ఘాట్ దిగుతుంటే కుండపోత పట్టుకుంది. కొండ మీది ఎర్రమట్టి రోడ్డు మీదికి జారింది. ముందు వెళ్తున్న లారీ అడ్డం తిరిగి ఆగిపోయింది. జయరాజ్ ఒక్క కేక వేయలేదు, హారన్ కొట్టలేదు. బురదలో బండిని పసిబిడ్డను దించినట్టు దించాడు. సుజన ముందు సీట్లో కూర్చుని దారి పొడుగునా అతని చేతులనే చూసింది.

చింతూరు దగ్గర టీ తాగడానికి ఆగినప్పుడు అడిగింది. "అన్నా, మీరెప్పుడైనా కారు రేసు చూశారా?"

"టీవీల చూసిన. తిరిగిన కాడికే తిరుగుతరు గదా?"

ఆమె నవ్వింది. తాను సిద్ధమవుతున్న రేసు సంగతి చెప్పింది. పన్నెండు గంటల రేసు. ఒక కారు, ఇద్దరు డ్రైవర్లు. ఒకరు అలిసిపోతే ఒకరు, వంతులేసుకుని నడపాలి. మధ్యాహ్నం మొదలై అర్ధరాత్రికి ఆగుతుంది. అప్పటికి ఎవరు ఎక్కువ దూరం వెళ్తే వాళ్ళదే గెలుపు. ఆమెతో నడపాల్సిన కుర్రవాడికి చెయ్యి విరిగింది.

"వేగంగా నడిపేవాళ్ళు బోలెడుమంది దొరుకుతారన్నా. బండిని అలవనివ్వకుండా నడిపేవాళ్ళే దొరకరు. మీరు వస్తారా?"

జయరాజ్ టీ గ్లాసు కింద పెట్టాడు. అర్ధరాత్రి అన్న మాట దగ్గర అతనికి భయమేసింది. కానీ ఆ భయం కంటే పెద్దది ఇంకోటి ఉంది. అతని తండ్రి భూగర్భ గనిలో పనిచేసినవాడు. చదువు అబ్బని కొడుకు స్టీరింగు పట్టుకుంటే, చేతగానివాడి పని అని పోయేదాకా అన్నాడు. ఆ చేతులు పనికొస్తాయని, ఇంత చదువుకున్న పిల్ల వచ్చి అడుగుతోంది.

"గ్రేస్‌ను అడిగి చెప్తనమ్మా" అన్నాడు. ఆ సాయంత్రమే ఒప్పుకున్నాడు.

ప్రాక్టీసు మొదట బసవపున్నయ్య గారి తోటలోనే. పామాయిల్ చెట్ల మధ్య ట్రాక్టర్లు తిరిగే మట్టి బాట చుట్టూ సుజన పాత కారులో తిరిగేవారు. ఆమె పక్కన కూర్చుని మలుపులోకి ఎలా దిగాలో, ఎక్కడ బయటపడాలో చెప్పేది. అతను ఒక్కసారి వింటే చాలు. రేసు లైసెన్సుకు డాక్టరు పరీక్ష ఉంటే, గోడ మీది అక్షరాలు చివరి వరుస దాకా గడగడా చదివాడు. తర్వాత ఇద్దరూ తమిళనాడులోని రేసు ట్రాక్‌కు వెళ్ళి వారాల తరబడి తిరిగారు. కొత్తలో అతను వెనకబడేవాడు. పోనుపోను, సుజన కంటే నెమ్మదిగా మొదలుపెట్టి, ఆమె టైర్లు అరిగి తడబడే వేళకు కూడా అదే వేగంతో నడిపేవాడయ్యాడు. మెకానిక్కులు అతను దిగాక టైర్లను చేత్తో తడిమి చూసి తలలూపేవారు.

రేసుకు వేసుకునే ఎర్ర సూటు మీద ఎడమవైపు అతని పేరు కుట్టించారు. అది వేసుకుని దిగిన ఫొటో గ్రేస్‌కు పంపాడు. ఆదివారం పాస్టరు గారు ఆ ఫొటో చూపించి సంఘమంతా ప్రార్థన చేయాలన్నారు. ఆరాధన బడికి వెళ్ళి అందరికీ చెప్పింది. స్టేషన్ బయటి డ్రైవర్లు ఫోన్లు చేసి, "ఏందిరా భయ్, మమ్ముల మరిచిపోతవా ఏంది?" అని ఆటపట్టించారు. జయరాజ్‌కు ముప్పై ఏడేళ్ళ జీవితంలో అంత సంతోషం ఎప్పుడూ లేదు.

ఈ మధ్యలో చీకట్లో నడిపిన రోజు ఒక్కటీ లేదు. రెండుసార్లు ఏర్పాటు చేసుకుంటే ఒకసారి వాన, ఒకసారి ఇంజన్ గొడవ. ఆ రెండుసార్లూ జయరాజ్ లోలోపల ఊపిరి పీల్చుకున్నాడు. ఎందుకో ఎవరికీ చెప్పలేదు. ట్రాక్ మీద పెద్ద దీపాలుంటాయిలే అనుకున్నాడు.

రేసులోకి తీసుకునే ముందు పెట్టే క్వాలిఫయింగ్ పరీక్ష నిబంధన తేలికే. ఇద్దరు డ్రైవర్లూ పగలొకసారి, చీకటి పడ్డాక ఒకసారి, నిర్ణయించిన సమయంలోగా ట్రాక్ చుట్టి రావాలి. ఇద్దరిలో ఎవరు తప్పినా ఆ కారు రేసులో ఉండదు. పగలు జయరాజ్ అనుకున్నదానికంటే బాగా నడిపాడు. సుజన ఎగిరి అతని భుజం మీద చరిచింది. "అన్నా, ఇక రాత్రిది అయిపోతే మనం రేసులో ఉన్నట్టే!"

చీకటి పడ్డాక ముందు సుజన నడిపి వచ్చింది. తర్వాత జయరాజ్ ఎక్కాడు. కార్లు ఆగే పిట్ దగ్గర దీపాలున్నంత వరకు బాగానే ఉంది. అవి దాటాక అతని ముందు హెడ్‌లైట్లు పరిచిన తెల్లటి చాప ఒక్కటే మిగిలింది. దాని పక్కన ఏమీ లేదు. గడ్డి లేదు, కంచె లేదు. మలుపులో లైట్లు నేరుగా పోతాయి, దారి పక్కకు పోతుంది. ఆ పక్క అతనికి ఉత్త నలుపు. పగలు నేర్చుకున్న లెక్కతో తిప్పాడు. మొదటి చుట్టు ఎలాగో గట్టెక్కింది గానీ సమయం మించిపోయింది. రెండో చుట్టులో ఒక మలుపు దగ్గర వేరే కారు ఆగిపోయి ఉంది. దాన్ని తోయడానికి ట్రాక్ సిబ్బందిలో ఒక మనిషి మెరిసే కోటు వేసుకుని అంచున నిలబడ్డాడు. నెమ్మదించమని పసుపు జెండా ఊపుతున్నారు. జయరాజ్ నేరుగా అతని మీదికే వెళ్ళాడు. ఆ మనిషి కంచె అవతలికి దూకాడు. కారు అద్దం అతని కోటు అంచును రాసుకుంటూ పోయింది.

వెంటనే ఎర్రజెండా ఎత్తారు. కారు పిట్‌లోకి వచ్చింది. సుజన పరుగెత్తుకొచ్చింది.

"ఏమైందన్నా? ఆ మనిషిని చూడలేదా?"

"ఏ మనిషి?"

జయరాజ్ హెల్మెట్ తీసి కారు దిగాడు. లైట్లు సరిగ్గా బిగించలేదేమోనని మెకానిక్కుతో అంటూ దీపాల వెలుతురు దాటి పక్కకు నడిచాడు. అక్కడ వరసగా పేర్చిన టైర్లున్నాయి. వాటిలోకే నడిచి ముందుకు పడ్డాడు. అరచేతులు గీరుకుపోయాయి.

సుజన అతన్ని లేపి కూర్చోబెట్టింది. పక్కన తానూ కూర్చుంది. "అన్నా, ఈ టైర్లు మీకు కనిపించలేదా?"

"చీకటి గదమ్మా."

"నాకు కనిపిస్తున్నాయన్నా. అక్కడ ఆ గోడ కనిపిస్తోంది. గోడ మీద పిల్లి కూర్చుంది, అదీ కనిపిస్తోంది."

జయరాజ్ ఆమె చూపించిన వైపు చూశాడు. ఏమీ లేదు. ఆమె వైపు తిరిగి అడిగాడు. "రాత్రి అందరికి గిట్లనే ఉండదా?"

సుజనకు ఏడుపు ఆగలేదు. అతను ఏడవలేదు. చిన్నప్పటి నుంచి చీకటంటే ఇదే అనుకున్నాడు. రాత్రిపూట బండ్లు నడిపేవాళ్ళు తనకంటే ధైర్యవంతులనీ, తాను పిరికివాడిననీ అనుకున్నాడు. ఆ పిరికితనాన్ని ప్రార్థన చాటున దాచుకున్నాడు.

అధికారులు ఇంకొక అవకాశం ఇస్తామన్నారు. లైట్లు సరిచేసుకుని రమ్మన్నారు. కారుకు ఏ లోపమూ లేదని జయరాజే వాళ్ళ దగ్గరికి వెళ్ళి చెప్పాడు. సుజన పక్కన నిలబడి అతని మాటలు ఇంగ్లీషులోకి మార్చి చెప్పింది. "నాకు రాత్రి కనబడదు సార్. మనిషిని చంపుతుంటి. మా బండి పేరు తీసెయ్యండి." తన రెండేళ్ళ శ్రమ ముగిసిపోయిందన్న మాటను సుజన తన నోటితోనే చెప్పాల్సి వచ్చింది. ఆ తర్వాత అతను కంచె దూకిన మనిషిని వెతుక్కుంటూ వెళ్ళి చేతులు పట్టుకున్నాడు. భాష తెలియక ఊరికే పట్టుకుని నిలబడ్డాడు.

ఇద్దరూ ఖమ్మంలో రైలు దిగారు. స్టేషన్ దగ్గర సుజన కారు ఉంది. అలవాటుగా తాళం అతని ముందు చాపింది. అతను తీసుకోలేదు. కారును చుట్టి వెళ్ళి పక్క సీట్లో కూర్చున్నాడు.

కంటి డాక్టరు మందులు వేసి, చీకటి గదిలో కూర్చోబెట్టి, గంటల తరబడి చూశారు. కంటి వెనక పొర కొద్దికొద్దిగా ఎండిపోతోందన్నారు. తల్లిదండ్రుల నుంచి పుట్టుకతో వచ్చే జబ్బు. చూపు ముందు రాత్రి పోతుంది, తర్వాత పగలు కూడా పక్కల నుంచి మూసుకుంటూ వస్తుంది. ఇప్పటికైతే మందు లేదు.

"బండి?" అని అడిగాడు జయరాజ్.

"పగలైనా వద్దు. పక్క నుంచి పిల్లలెవరైనా పరుగెత్తుకొస్తే మీకు కనబడరు." డాక్టరు గ్రేస్ వైపు తిరిగి, "మీకు పిల్లలున్నారా?" అన్నారు.

గ్రేస్ నర్సు కాబట్టి ఆ ప్రశ్న ఎందుకో ఆమెకు ముందే అర్థమైంది. గోడకు చెయ్యి ఆనించి నిలబడింది.

ఆరాధనకు పరీక్షలు చేశారు. ఇప్పటికి కళ్ళు బాగానే ఉన్నాయన్నారు. కొందరిలో ఇది పెద్దయ్యాక బయటపడుతుంది, ఏడాదికొకసారి తీసుకురమ్మన్నారు. ఆ రోజు నుంచి జయరాజ్ పిల్లను చూసే చూపే మారిపోయింది. చిన్నగా తడబడితే ఉలిక్కిపడేవాడు. మసకచీకట్లో నేల మీద చాక్‌పీసు పడేసి, "ఏడుందో చూడు బిడ్డా" అనేవాడు. పిల్ల ఆటనుకుని తెచ్చిచ్చేది. గ్రేస్ ఒకరోజు అతని చెయ్యి పట్టుకుని, "చాలయ్యా. గట్ల చెయ్యకు" అంది. తర్వాత చేయలేదు.

బొలేరోను పాల్వంచ మనిషి ఎవరో కొనుక్కుపోయాడు. జయరాజ్ స్టేషన్ బయట ఒక ట్రావెల్స్ ఆఫీసులో ఫోన్లు ఎత్తే పనికి కుదిరాడు. ఘాట్ మీద నెమ్మదిగా పోవాలని డ్రైవర్లకు చెప్తాడు. పాత ప్రయాణికులు ఫోన్ చేసి, "నువ్వే వస్తావుగా?" అంటే, "లేదండీ, మంచి డ్రైవరును పంపుత" అని పెట్టేస్తాడు.

మరుసటి ఏడు సుజన జయరాజ్ ఇంటికి వచ్చింది. కొత్త జోడీ దొరికింది, ఇద్దరూ క్వాలిఫై అయ్యారు. ఆ మాట చెప్పడానికి ఆమె ఎంతసేపు తటపటాయించిందో గ్రేస్ చూసింది.

"రేసు రోజు రండన్నా. పిట్‌లో మీరుంటే నాకు ధైర్యం."

"రాలేనమ్మా. మీరు బాగ నడపాలె, గంతే నాకు. ఆ కారు సప్పుడు వినుడు నాతోని కాదు."

పొద్దుండగానే బయలుదేరమని అతనే తొందరపెట్టాడు.

ఆ సాయంత్రం ప్రార్థన అయ్యాక కరెంటు పోయింది. ముగ్గురూ గుమ్మం ముందు మెట్ల మీద కూర్చున్నారు. కాలనీ అంతా చీకటి. జయరాజ్ తల ఎత్తి, "గ్రేస్, పాస్టరు గారు ఆకాశంల చుక్కలన్ని దీవెనలు కలగాలె అంటరు గదా. నాకు ఎప్పుడైన ఒక్కటో రెండో కనబడేవి. గన్ని తక్కువ దీవెనలేందని అనుకునేవాణ్ణి. నిజంగ ఎన్నుంటయి?" అన్నాడు.

గ్రేస్ పైకి చూసింది. "మబ్బు పట్టింది. ఇయ్యాల ఏం లేవు."

"మమ్మీ, అబద్ధం!" అంది ఆరాధన. "బోలెడున్నయి డాడీ. గా చెట్టు మీద ఉన్నయి, ట్యాంకు మీద ఉన్నయి. సన్నసన్నగ ఉప్పు పోసినట్టు గీడంతా ఉన్నయి."

"సన్నయి గూడ కనబడుతున్నయా బిడ్డా?" అన్నాడు జయరాజ్.

"అవ్, మస్తు సన్నయి!"

అతను పిల్లను దగ్గరికి లాక్కుని, ఆమె తల మీద ముఖం పెట్టుకుని ఏడ్చాడు. ట్రాక్ మీద రాని ఏడుపు, డాక్టరు ముందు రాని ఏడుపు, అంతా అప్పుడొచ్చింది. గ్రేస్ అతని వీపు మీద చెయ్యి వేసి ఉంచింది. ఆరాధనకు ఏమీ అర్థం కాలేదు. తండ్రి వేలు పట్టుకుని పైకెత్తి, అతను చూస్తున్నాడనుకుని, ఒక్కో చుక్కనే చూపిస్తూ పోయింది.