పాకాల వంకలో జెస్సీ బండి

పాకాల జెస్సీ జీపు ఏటికి అడ్డంగా ఈదింది. సరే, ఏరు కాదు, వంక. ఈదలేదు, జనం తోశారు. జెస్సీ పొద్దున బడిలో లెక్కలు చెబుతుంది. సాయంత్రం వంటింటి కిటికీలోంచి వైరు లాగి జీపుకు ప్లగ్గు పెడుతుంది. కరెంటు అయిపోతే పెట్రోలుతో నడిచే హైబ్రిడ్ బండి అది. ఎక్కేముందు చెప్పులు విప్పుతుంది, గేదెను నిమిరినట్టు బానెట్టు నిమురుతుంది. రాళ్ళలో, గుంతల్లో రోజంతా సాగే ర్యాలీలకు రెండేళ్ళుగా పోతున్నా ఒక్కటీ పూర్తి చేయలేదు. ఈసారీ ముగింపు గీత దాటకపోతే బండిని తిరుపతి ట్రిప్పులకు బాడుగకు వదిలేస్తానని నాయనకు మాటిచ్చింది.

గీత కనబడుతుండగా వంక నడుమ చక్రాలు ఇసుకలో కూరుకుపోయాయి. ఆ పందెంలో చూసేవాళ్ళు తోయవచ్చు. గట్టు నిండా జనమే, ఒక్కరూ దిగలేదు. "కరెంటు బండి గదమ్మా! నీళ్ళలో షాకు కొడతాది. మోటారు వైరు తగిలి మా ఎద్దు సచ్చిపోయినాది," అన్నాడు రైతు కుప్పయ్య. జెస్సీ వట్టి కాళ్ళతో మోకాటి లోతు నీళ్ళలో దిగి, బానెట్టుకు చెంప ఆనించింది. "సూడు మామా, సచ్చినానా?" కుప్పయ్య భార్య తాయమ్మ చీర ఎగదోపి దిగేసింది. "ఆడబిడ్డ దిగితే మీరు గట్టుమీద సూస్తా ఉండారా అబ్బా?" అంతే, గట్టంతా నీళ్ళలోకి దూకింది. జెస్సీ మళ్ళీ ఎక్కింది. జీపు అందరికన్నా చివర, కానీ గీత దాటింది.

కావాలంటే జెస్సీనే అడగండి. "అదంతా కట్టుకథప్పా! ఆ పొద్దు వంకలో సుక్క నీళ్ళే లేవు," అంటుంది.