మక్బూల్ గాలి మిషను

ఆదోనిలో ఎమ్మిగనూరు రోడ్డు మీద పంక్చరు అంగడి నడిపే మక్బూల్‌కు దయ్యాలంటే నమ్మకం లేదు. భయం మాత్రం ఉండేది. ఈ రెండూ ఒకే మనిషిలో హాయిగా కాపురం చేస్తాయి.

అన్న ఇమాం సాబ్ ఆ అంగడి ముందే చనిపోయాడు. డెబ్బైతొమ్మిదిలో ట్రాలీ టైరుకు గాలి కొడుతుంటే, చక్రానికుండే ఇనుప రింగు ఎగిరొచ్చి రొమ్ముకు తగిలింది. అలాంటి టైరుకు గాలి కొట్టేముందు రింగుకు అడ్డంగా గడ్డపార దూర్చాలి. రింగు ఎగిరినా అది ఆపుతుంది. ఆ రోజు గడ్డపార లేదు. "భాయే తొందరపడినాడు" అని మక్బూల్ అందరికీ చెప్పాడు. రాత అని తీర్పు చెప్పి, ఊరు ఇంటికి పోయి అన్నం తినింది. రాత అనే మాటలో ఉన్న సుఖమే అది. ఆ తర్వాత ఎవరినీ ఏమీ అడగనక్కర్లేదు.

ఇమాం సాబ్ భార్య వహీదా బీ మాత్రం అడగాల్సిందంతా తననే అడుక్కుంది. "అన్నం సల్లారిపోతాంది, బెరీన రా" అని ఆ పొద్దు మొగుడికి కబురు పంపింది తనే. అందుకే తొందరపడ్డాడని ఆమె నమ్మకం. అప్పటినుంచి ఆమె వేడన్నం ముట్టలేదు. అదే ఇంట్లో తింటూ, మక్బూల్ రోజూ చూస్తూ ఊరుకున్నాడు.

ఎనభైమూడు వేసవిలో పత్తి జిన్నింగు మిల్లు యజమాని వెంకటేశులు జీపు తెచ్చి నిలబెట్టాడు. మంత్రాలయం కాడ తుంగభద్ర ఇసుకలో దిగాలంటే టైర్లలో సగం గాలి తీసేయాలి. గట్టెక్కాక మళ్లీ కొట్టాలి.

"పంపు కొట్టలేక నా డ్రైవరు సస్తాండాడప్పా. జీపులోనే పెట్టుకునే మిషను ఒకటి సూడు."

"సవకదా, పనిచేసేదా?"

"రెండూ ఉండేది లేదా?"

"యాడన్నా ఉంటే నాకూ సెప్పన్నా, నేనూ కొంటా."

బళ్లారి పాతసామాన్ల అంగడిలో మక్బూల్ మూడు మిషన్లు ఆడించి చూశాడు. ఒకటి స్కూటరు టైరుకే ఆయాసపడింది. రెండోది పది నిమిషాలకే చెయ్యి పెట్టనీయకుండా కాలింది. మూడోది లోపల రెక్కలు తిరిగే రకం. జీపు టైరు నిండేదాకా ఆడినా గోరువెచ్చగానే ఉంది. దానికి ఒకటే లోపం, గాలి వెనక్కి రాకుండా ఆపే వాల్వు ఊడిపోయింది. ముందు టైరు నుంచి గొట్టం పీకి, ఆ తర్వాత కరెంటు తీస్తే సరిపోతుంది, ఆ మాత్రం గుర్తుండదా అనుకుని దాన్నే తెచ్చాడు.

దీపాల తీగకు కలిపితే అంత కరెంటుకు తీగ కాలిపోతుంది. అందుకని బ్యాటరీ నుంచే నేరుగా లావు తీగ లాగి, బ్యాటరీ పక్కనే ఫ్యూజు పెట్టి, కొనలకు క్లిప్పులు బిగించాడు. గాలి ఎంత ఎక్కిందో చూపే ముల్లు కనబడటానికి మోటారు తీగలకే చిన్న బల్బు కట్టాడు.

మిషను ఆడించి చూసింది మిట్టమధ్యాహ్నం. రోడ్డు మీద కుక్క కూడా లేదు. జీపు ఇంజను నడుస్తుండగా టైరు నిండింది. ఇంజను ఆపాడు. అప్పుడే వహీదా బీ అతనికి అన్నం గిన్నె తెచ్చి, సరిగ్గా అన్న పడిన చోట నిలబడింది. మక్బూల్ చూపు అటే పోయింది. గొట్టం పీకకుండా బ్యాటరీ క్లిప్పులు పీకేశాడు.

మిషను ఆగింది. ఆగి, మళ్లీ తిరగడం మొదలుపెట్టింది.

క్లిప్పులు రెండూ నేల మీదే ఉన్నాయి. బల్బు ఎర్రగా వెలిగింది. మిషను లోపలినుంచి రెండు పొడుగు ఊపిర్లు, ఒక గురక, మళ్లీ రెండు ఊపిర్లు. మునుపు మిల్లులో పనిచేసి పత్తి దుమ్ముకు రొమ్ము చెడిన ఇమాం సాబ్ ఊపిరి కూడా అదే వరస. వీధి మలుపు తిరగకముందే మనిషి వస్తున్నాడని తెలిసేది.

"ఎవరది, మక్బూల్?" అంది వహీదా బీ.

"ఎవరూ లేరు భాభీ. టైర్లో గాలి ఎనక్కొస్తాంది. అది రెక్కల్ని తిప్పుతాంది, మోటారు తిరిగితే బల్బు ఎలుగుతాది. అంతే."

చెప్పింది అక్షరాలా నిజం. అయినా గొట్టం మీద చెయ్యి వేయలేకపోయాడు.

"నన్నే అడుగుతాండాడు. ఎందుకు బెరీన రమ్మంటివి అని."

టైరు మెల్లగా కుంగుతోంది. ఊపిరి ఆగలేదు.

"నిన్ను గాదు. నన్ను," అన్నాడు మక్బూల్. "ఆ పొద్దు మన గడ్డపార పీర్ల పండక్కి తవ్విన గుండం కాడ ఉన్నింది. పోయి తేరా అన్న్యాడు భాయ్. గుండం తవ్విన ఇనుము, పూడ్చకముందే కదిలిస్తే ఇంట్లో ఒకరు పోతారంటారు గదా మన వీధిలో. నేను పోలే. చాయి తాగొచ్చి, గుండం కాడోళ్లు ఇయ్యలేదు, ఒక్క టైరుకు ఏమైతాదిలే అన్న్యా. భాయ్ తొందరపడలే భాభీ. నీ కబురు వచ్చేటప్పటికే గాలి కొడతాండాడు."

వహీదా బీ వంగి గొట్టం పీకింది. రెక్కలు ఆగాయి. బల్బు ఆరిపోయింది.

"నాలుగేండ్లు," అంది. "నేను సల్లన్నం తింటాంటే నాలుగేండ్లు సూస్తా కూసున్న్యావు."

మక్బూల్ కింద పడున్న క్లిప్పులు తీసి తీగ చుట్టసాగాడు.

"ఆ గడ్డపార ఇప్పుడు యాడుంది?"

"పీర్ల చావిడిలోనే. నేను తెచ్చుకోలే."

"పోయి తేపో."

చావిడి తలుపు తీసి, గోడకు ఆనించిన గడ్డపార పట్టుకున్నాడు. చెయ్యి చుర్రుమని కాలింది. కిటికీలోంచి ఎండ పడిందేమో అనుకుని తల తిప్పి చూశాడు. చావిడికి కిటికీ లేదు. అయినా వదల్లేదు, భుజాన వేసుకుని నడిచాడు.

అతను తిరిగొచ్చేసరికి వహీదా బీ అంగడి మెట్టు మీద కూర్చుని, అతనికి తెచ్చిన అన్నం తింటోంది. పొగలు ఇంకా వస్తున్నాయి. ఒక్క ముద్ద కూడా మిగల్చలేదు.