మావ గొంతు పలికిన పెట్టె

మొన్న కొన్న కొత్త కంప్యూటర్‌కి పాత కీబోర్డు తగిలిస్తే, తగిలించీ తగిలించకముందే పనిచేసేసింది. సంతోషించాల్సింది పోయి నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మన రోజుల్లో ఒక్కో పరికరాన్నీ కంప్యూటర్‌ని లోపలినుంచి నడిపే కెర్నల్ చేత గుర్తుపట్టించడానికి ఎన్ని తిప్పలు పడేవాళ్ళమో మీకు తెలియనిదా!

శ్రీకాకుళం అవతల సముద్రపు ఒడ్డున మా మేనమామ ఊరు. ఆయన కేకేస్తే కెరటాల హోరును దాటి పడవల్లోవాళ్ళకి వినబడేది. అలాంటి మనిషికి గొంతులో పుండు లేచింది, ఆపరేషన్ చేస్తే ఇక మాట రాదన్నారు. విజయనగరంలో కంప్యూటర్ల పనిలో కొత్తగా చేరిన నేను, ముందే ఆయన మాటలు రికార్డు చేసి, మీట నొక్కితే ఆయన గొంతే పలికే పెట్టె ఒకటి తయారుచేసి వాళ్ళింట్లో పెట్టిన కంప్యూటర్‌కి కలిపాను. అన్నం, నీళ్ళతోపాటు అత్తని కసిరే మాట కూడా ఉండాల్సిందేనని పట్టుబట్టాడు, ఎంత గడుసువాడో!

ఆపరేషనయిన కొన్నాళ్ళకి, ఆ కంప్యూటర్‌లో కొత్త కెర్నల్ పడ్డాక పెట్టె మూగబోయింది. కబురందగానే ఆమదాలవలసలో రైలు దిగి పరుగెత్తాను. చూద్దును కదా, మామూలు కీబోర్డులను నడిపే డ్రైవర్ ప్రోగ్రాం ముందుగా వచ్చి మావ పెట్టెని కూడా కీబోర్డే అనుకుని పట్టేసుకుంది, నేను రాసిన డ్రైవర్‌కి అందనివ్వడం లేదు. విడిపించి నా డ్రైవర్‌కి కట్టినా, కంప్యూటర్ ఆపి, తిరిగి వేసేసరికి మళ్ళీ మొదటికే. మావ పక్కనే కూర్చుని పలకని మీట నొక్కుతూ నా మొహంకేసి చూసేవాడు. చివరికి ఆ పెట్టె జోలికి పోవద్దని కీబోర్డు డ్రైవర్‌లోనే రాసి, కెర్నల్‌ని మళ్ళీ తయారుచేశాను.

మావ నొక్కిన మొదటి మీట ఆ కసురుడే. "ఒసే, ఎక్కడ సచ్చావే!" అని పెట్టె అరవగానే, వంటింట్లోంచి అత్త "వస్తన్నాను, కాస్తాగు!" అంటూ పరిగెత్తుకొచ్చి, కదలని ఆయన పెదాలు చూసి కొంగు నోట కుక్కుకుంది. మావ చప్పుడు లేకుండా నవ్వాడు.

ఏడాది తిరక్కుండానే ఆయన పోయాడు. దినవారాలయ్యాక అత్త నన్ను పిలిచింది. "ఆ పెట్టె తీసీరా నాయనా. ఎవులు ముట్టుకున్నా ఆయన పిలిసినట్టే లేసి వచ్చేస్తన్నాను. వచ్చి సూస్తే మనిసి లేడు." అంత అవస్థపడి కట్టినదాన్ని నా చేత్తోనే విప్పేశాను. తర్వాత ఆ కంప్యూటర్ పాడైపోతే అందులో దాచిన మావ మాటలూ దాంతోపాటే పోయాయి.

ఇప్పుడు ఆ ఒడ్డున కేకలేసేవాళ్ళు లేరు, పడవకీ పడవకీ మధ్య ఫోన్లే. అంతటి గొంతుతో ఎవరికీ పని లేదు. నాకు మాత్రం ఆ గొంతుతో ఒక్కసారి తిట్లు తినాలని ఉంది.