రెండు మంచాల మధ్య యుద్ధం

ఇది నేను ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. రోజూ రాసుకునే డైరీలో కూడా రాయలేదు. మా డయాలిసిస్ యూనిట్‌లో సుబేదార్ యాదగిరి గారి పక్క మంచానికి దైవసహాయం మాస్టారు రావడం అనుకోకుండా జరిగింది కాదు. ఆ ఏర్పాటు నాది. అందరూ మెషిన్ల సర్దుబాటు అనుకున్నారు. నేను అవునని గానీ కాదని గానీ అనలేదు.

2022 ఏప్రిల్‌లో నన్ను ఉదయం షిఫ్టుకు వేశారు. సికింద్రాబాద్‌లో, రాంగోపాల్‌పేట్ వైపు ఉన్న ఒక ప్రైవేటు ఆసుపత్రిలో రెండో అంతస్తు మాది. బన్సీలాల్‌పేట్‌లోని మా ఇంటి నుంచి తెల్లవారుతుండగా నడిచి వెళ్లేదాన్ని. ఉక్రెయిన్‌లో యుద్ధం మొదలై అప్పటికి కొన్ని వారాలే. రిటైర్ అయ్యే వయసు నాకింకా రాలేదు. కానీ మంచం పక్కన నిలబడి చేసే ఆ పని మానేసి, ఇప్పుడు టెక్నీషియన్ కోర్సు పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. అందుకే ఆ రోజులను రిటైరైన వాళ్లు తలుచుకున్నట్టే తలుచుకుంటాను.

యూనిట్‌లో కిడ్నీ డాక్టరు గారు రోజుకోసారి రౌండ్‌కు వచ్చేవారు. డ్యూటీ డాక్టరు అక్కడే ఉండేవారు. ఇంజెక్షన్లు స్టాఫ్ నర్సు చూసుకునేది. సూదులు, మెషిన్లు టెక్నీషియన్ల పని. మాలో సీనియర్ రమేష్ సార్, అందరికంటే జూనియర్ నేను. ఎవరికి ఏ మంచం అన్నది చూసే పని ఎవరికీ ఇష్టముండదు, పేషెంట్లు కిటికీ కోసం, ఫ్యాను కోసం పేచీ పెడతారు. కాబట్టి అది నాకు వచ్చింది.

డయాలిసిస్ గురించి తెలియని వారికి కొంచెం చెప్పాలి. పాడైన కిడ్నీ చేయలేని పనిని మెషిన్ చేస్తుంది. చేతిలో రెండు రక్తనాళాలను చిన్న ఆపరేషన్‌తో కలుపుతారు, దాన్ని ఫిస్టులా అంటారు. అందులో రెండు సూదులు గుచ్చుతాం. ఒకదానిలోంచి రక్తం బయటికి వచ్చి, శుభ్రపడి, రెండోదానిలోంచి లోపలికి పోతుంది. ఒక్కో టర్న్ నాలుగు గంటలు, వారానికి మూడుసార్లు. రాగానే బరువు చూస్తాం. ఒంట్లో అదనపు నీరు లేనప్పుడు ఉండాల్సిన బరువును డ్రై వెయిట్ అంటాం. దానికి మించి ఎంత ఉంటే అంత నీరు ఆ నాలుగు గంటల్లో తీసేయాలి. ఎక్కువ తీసినా, తొందరగా తీసినా బీపీ పడిపోతుంది. అందుకే అరగంటకోసారి బీపీ చూసి చార్టులో రాస్తాం. సూదులున్న చెయ్యి అంతసేపూ కదలకూడదు. చెవి దురద పెట్టినా, దుప్పటి లాక్కోవాలన్నా రెండో చెయ్యే దిక్కు.

సుబేదార్ యాదగిరి గారు సైన్యంలో ట్యాంకులు రిపేరు చేసిన మనిషి. రిటైరయ్యాక కంటోన్మెంట్ దగ్గరే స్థిరపడ్డారు. వచ్చేవారు, చెయ్యి చాచేవారు, కళ్లు మూసుకునేవారు. నాలుగు గంటలయ్యాక లేచి వెళ్లిపోయేవారు. ఎండలు ముదిరేసరికి టర్న్‌లు ఎగ్గొట్టడం మొదలుపెట్టారు. ఒకరోజు ఆయన భార్య లక్ష్మమ్మ గారు వరండాలో నా చెయ్యి పట్టుకుని ఆపారు.

"ఇగ సాలు, బంద్ చేద్దమంటున్నడు బిడ్డా. నేను చెప్తే ఇంటలేడు. నువ్వన్న జెర చెప్పు."

వరసగా టర్న్‌లు తప్పితే ఒంట్లో చేరిన నీరు ఊపిరితిత్తుల్లోకి ఎక్కుతుంది. పూర్తిగా మానేస్తే ఎక్కువ రోజులుండరు. డాక్టరు గారు ఈ సంగతి ఆయనకు విడమరిచి చెప్పారు. ఆయన మర్యాదగా తలూపారు. ఆ ఉదయం సూదులు గుచ్చుతూ నేనూ ఏదో చెప్పాలని చూశాను. "చెయ్యి కదపకండి సార్" అన్న మాట తప్ప నోట్లోంచి ఇంకేమీ రాలేదు. చిన్నప్పటి నుంచీ అంతే. పుస్తకంలో మనుషులతో గంటలు గడపగలను, ఎదురుగా ఉన్న మనిషితో ఒక మాట పెగలదు.

దైవసహాయం మాస్టారు అవతలి గోడ దగ్గర మంచం మీద ఉండేవారు. మిషన్ స్కూల్లో చరిత్ర చెప్పి రిటైరయ్యారు. గుంటూరు వైపు మనిషి, ఉద్యోగం వచ్చినప్పటి నుంచీ సికింద్రాబాదే. టీవీలో యుద్ధం వార్తలు వస్తుంటే క్లాసులో ఉన్నట్టే వివరిస్తూ ఉండేవారు. రష్యా సేనలు రాజధాని దగ్గరి నుంచి వెనక్కి మళ్లిన వార్తను, తనే వాళ్లను మళ్లించి వచ్చినంత ధీమాగా చెప్పారు. సొంత ఊరు కాపాడుకునేవాడు ఓడిపోడని, ఇంకొన్ని నెలల్లో అంతా ముగుస్తుందని తేల్చేశారు.

అప్పుడు సుబేదారు గారు కళ్లు తెరవకుండానే, అంత హాలూ దాటి వినిపించేలా అన్నారు. "వెనక్కొచ్చుడంటే ఓడుడు గాదు మాస్టారూ. ఫౌజుల వెనక్కొచ్చుడు సుత ఒక ఆర్డరే."

మాస్టారు ఏదో జవాబిచ్చారు. ఫ్యాన్ల మోతలో వినపడలేదు. "ఏందీ?" అంటూ సుబేదారు గారు కళ్లు తెరిచి, తల ఎత్తి చూశారు. ఆయన మెషిన్ మీద ఉండగా కళ్లు తెరిచి ఉండటం నేను చూసింది అదే మొదటిసారి.

తర్వాతి టర్న్‌కు మాస్టారి మంచం మార్చాను. సుబేదారు గారి ఫిస్టులా ఎడమ చేతికి, మాస్టారిది కుడి చేతికి. సూదుల్లేని చేతులు రెండూ పక్కపక్కన వచ్చేలా చూసి వేశాను. మాట్లాడేటప్పుడు మనిషి చెయ్యి ఊపకుండా ఉండలేడు, ఊపేది మంచి చెయ్యి అయితే నా సూదులకు భయం లేదు. రమేష్ సార్ చూసి, మెషిన్ ఏమైనా ఇబ్బంది పెట్టిందా అని అడిగారు. నేను తల అటూ ఇటూ కాకుండా ఊపాను.

ఆ రోజు నుంచి మా యూనిట్‌లో యుద్ధం వారానికి మూడు ఉదయాలు జరిగేది. సుబేదారు గారి వాదం ఒకటే. పెద్ద ఫౌజు ఆలస్యంగా కదులుతుంది, కదిలాక ఆగదు, ట్యాంకు నడిచేది డీజిల్ మీద కాదు, స్పేర్ పార్టుల మీద. మాస్టారు ఒకసారి దాన్ని అందుకున్నారు.

"అవునండీ, పార్టులు దొరక్క రోడ్డు మధ్యలో ఆగిపోయిన ట్యాంకులు టీవీలో చూశాం. అవి మీరు బాగు చేసినవేనా?"

"నేను బాగు చేసినయైతే ఈపాటికి మీ ఇంటి ముంగట నిలవడి హారన్ కొట్టేటియి" అన్నారు సుబేదారు గారు.

ఎదురు వరసలో సన్‌ఫ్లవర్ నూనె ధర పెరిగిందని రోజూ విసుక్కునే ఒకామె కూడా నవ్వింది. మాస్టారు ఒకరోజు తన రక్తం వెళ్తున్న ట్యూబును వేలితో చూపిస్తూ, ఇది నది అనుకోండి, వాళ్లు ఈ గట్టు మీద ఉన్నారు అని మొదలుపెట్టారు. నేను పరుగున వెళ్లి, "మాస్టారూ, అది నది కాదండి" అన్నాను. నేను అంత పెద్ద మాట మాట్లాడటం వాళ్లకు వింతగా అనిపించి, ఆ రోజుకు కాల్పుల విరమణ ప్రకటించారు.

వాళ్లకో పందెం కూడా ఉండేది. డయాలిసిస్ పేషెంట్లకు పండ్లు దాదాపు నిషేధం, అందులోని పొటాషియం గుండెకు ప్రమాదం. మెషిన్ మీద మొదటి గంటలో మాత్రం ఒక చిన్న మామిడి ముక్కకు మా డాక్టరు గారు ఒప్పుకునేవారు. యుద్ధం ఎవరు చెప్పినట్టు ముగిస్తే, ఆ వేసవి ఇద్దరి ముక్కలూ వారివే. అది ముగియనందువల్ల ఎవరి ముక్క వారు తినేవారు, ఒకరి ముక్కను ఒకరు చూసుకుంటూ.

లక్ష్మమ్మ గారు మళ్లీ వరండాలో కనిపించారు. పొద్దున్నే లేచి పేపరు చదువుతున్నాడని, మాస్టారన్న మాటకు జవాబు దొరికిందని తనకంటే ముందే తయారై ఆటో కోసం నిలబడుతున్నాడని చెప్పారు. ఆ వేసవి తర్వాత ఆయన ఒక్క టర్న్ కూడా తప్పలేదు.

ఎవరిది నిజమో నాకూ తెలుసుకోవాలనిపించేది. లైబ్రరీ నుంచి పాత యుద్ధాల చరిత్రలు తెచ్చుకుని చదివాను. పండగకు ఇంటికి వచ్చేస్తామని చెప్పి వెళ్లి, ఏళ్ల తరబడి రాని వాళ్ల సంగతులు అన్నిటిలోనూ ఉన్నాయి. ఆ మాట వాళ్లిద్దరికీ చెప్పాలని చాలాసార్లు వారి మంచాల దాకా వెళ్లి, బీపీ చూసి తిరిగి వచ్చాను.

ఆ ఏడాది దసరా దాటాక ఒక ఉదయం. పండగ భోజనాల వల్ల సుబేదారు గారు బాగా నీరు పట్టి వచ్చారు, తీయాల్సింది ఎక్కువగా ఉంది. మూడో గంట నడుస్తోంది. కొద్దిసేపటి కిందటే బీపీ చూశాను, బాగానే ఉంది. నేను ఎదురు వరసలో ఇంకొకరి మెషిన్ సర్దుతున్నాను, వాళ్లిద్దరూ నా వెనక ఉన్నారు. చలికాలం ముదరకముందే యుద్ధం ముగిసిపోతుందని మాస్టారు అంటున్నారు. ఆ మాటకు సుబేదారు గారి జవాబు మా అందరికీ కంఠతా వచ్చు. "చలి ఎవలికి అలవాటో చూడుండ్రి మాస్టారూ." ఆ రోజు ఆయన అది అనలేదు. మెల్లగా, "అవును మాస్టారూ, మీరన్నదే కరెక్ట్" అన్నారు.

మాస్టారు సంతోషం పట్టలేక అందర్నీ విన్నారా అని అడుగుతున్నారు. నేను చేతిలోది వదిలేసి పరుగెత్తాను.

ఆయన నుదురంతా చల్లటి చెమట. ముందు నీరు తీయడం ఆపేశాను. మంచం కాళ్లవైపు ఎత్తి, సెలైన్ వదిలి, డ్యూటీ డాక్టరును పిలిచాను. మెషిన్ అలారం అప్పటికింకా మోగలేదు. బీపీ కఫ్ బిగుసుకుని వదిలాక వచ్చిన అంకె చూసి స్టాఫ్ నర్సు ఇంజెక్షన్ల ట్రే లాక్కుంది. అప్పటికి మాస్టారికి అర్థమైంది. ఖాళీ చేత్తో సుబేదారు గారి ఖాళీ చెయ్యి పట్టుకున్నారు.

"ఏవండీ, నేనన్నది తప్పండీ. ఈ చలికాలం తేలదు. మీరేదో ఒకటి అనండి" అంటూనే ఉన్నారు.

సెలైన్ లోపలికి వెళ్తున్న కొద్దీ ముఖంలోకి కాస్త రంగు వచ్చింది. పెదాలు కదిలాయి. "చలి ఎవలికి అలవాటో చూడుండ్రి" అన్నారు సుబేదారు గారు. నేను చార్టులో టైం రాశాను.

తర్వాత రమేష్ సార్ ఆ మంచాలు విడదీయాలన్నారు. వాదనలతో మనిషి ఉద్రేకపడుతున్నాడు, అది మంచిది కాదు అన్నది ఆయన ఉద్దేశం. ఆయన చెప్పినదాంట్లో తప్పు లేదు. డాక్టరు గారు రౌండ్‌లో ఉన్నారు, సరేనని తల ఊపబోతున్నారు. మంచం మారితే ఏమవుతుందో నాకు కనిపిస్తూనే ఉంది. ఆయన మళ్లీ కళ్లు మూసుకుంటారు, తర్వాత రావడం మానేస్తారు. డాక్టరు గారి ముందు నేను అంతవరకు ఎప్పుడూ నోరు విప్పలేదు.

"సార్, మెషిన్ అరగంటకోసారి బీపీ అడుగుతుంది. మాస్టారు నిమిషానికోసారి ఏదో ఒకటి అడుగుతారు" అన్నాను. "ఈ రోజు ఆయన జవాబు మారిందని నాకు తెలిసింది అందువల్లే. పక్కన మాస్టారు లేకపోతే సుబేదార్ సార్ అసలు ఆసుపత్రికే రారు సార్."

రమేష్ సార్ నా వైపు చూసి, అయితే పరుగెత్తింది అందుకా అని అడిగారు. అవునన్నాను. ఆయనే డాక్టరు గారి వైపు తిరిగి మంచాలు అలాగే ఉంచుదామన్నారు. డాక్టరు గారు డ్రై వెయిట్ మళ్లీ లెక్కగట్టి, ఒక టర్న్‌లో తీసే నీటికి పరిమితి రాసి, పండగ భోజనాల గురించి లక్ష్మమ్మ గారితో విడిగా మాట్లాడారు.

మాస్టారు మాత్రం ఆ ఒక్క మాట వదలలేదు. తర్వాతి టర్న్‌కే, సుబేదారు గారు నలుగురి ముందు ఓటమి ఒప్పుకున్నారని, అది చరిత్రకెక్కిందని ప్రకటించారు.

"ఒప్పుకున్నది నేను గాదు, నా బీపీ" అన్నారు సుబేదారు గారు. "దానికి లోకజ్ఞానం తక్వ."

ఆ చలికాలం పోయింది, ఇంకా రెండు వేసవులు పోయాయి. యుద్ధం ముగియలేదు. ఇద్దరిదీ కొంత నిజమైంది, కొంత కాలేదు. నేను కాలేజీలో చేరడానికి ఉద్యోగం మానేశాను. కిందటేడాది సుబేదారు గారు నిద్రలో పోయారని రమేష్ సార్ ఫోన్ చేసి చెప్పారు. ఆ ముందు రోజు కూడా టర్న్‌కు వచ్చారట, ఎప్పటిలాగే వాదించారట. మాస్టారు ఇప్పటికీ అదే మంచం మీద ఉన్నారు. మొన్న చూడటానికి వెళ్తే టీవీ కట్టేసి ఉంది. మామిడి ముక్క తింటున్నారు.

దసరా తర్వాతి ఆ ఉదయం నాకు నేర్పింది ఇదీ. మెషిన్ చూపే అంకెలు కొంత ఆలస్యంగా వస్తాయి. ప్రతి పేషెంటుకూ ఒక ధోరణి ఉంటుంది, టెక్నీషియన్ దాన్ని ముందే తెలుసుకుని ఉండాలి. సణిగేవాడు సణగడం మానినా, వాదించేవాడు ఒప్పుకున్నా వెంటనే బీపీ చూడాలి. నా విద్యార్థులకు మొదటి వారంలోనే ఇది చెబుతాను. పరీక్షలో ఈ ప్రశ్న రాదు, అయినా చెబుతాను.

నా ఆఖరి షిఫ్టు రోజు సుబేదారు గారి సూదులు నేనే తీశాను. రక్తం ఆగేదాకా దూదితో నొక్కి పట్టుకుని నిలబడ్డాను. పక్కన మాస్టారు నిద్రపోతున్నారు. సుబేదారు గారు ఆయన వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి నాతో అన్నారు.

"నీ తర్వాత వచ్చే పిల్లకు చెప్పి పో బిడ్డా, మా మంచాలు నువ్వేసినట్లనే ఉంచుమని."