పై కొస

ఆ వీధిలో అద్దాల పనివాణ్ణి అసలు పేరుతో పిలిచేవాళ్ళు లేరు. అందరికీ ఆయన మర్యాదయ్య. ఇరుకు మెట్ల మీద ఆడమనిషి ఎదురొస్తే గోడకు అంటుకుపోయి దారి ఇస్తాడు. బస్సులో తను కూర్చున్న సీటు తనదని ఏనాడూ అనుకోలేదు. షాపుకు ఆడవాళ్ళెవరైనా వస్తే ముందు కుర్చీ దులిపి వేసి, ఆ తర్వాతే పనేమిటని అడుగుతాడు. చుట్టుపక్కల మగవాళ్ళు నవ్వేవాళ్ళు. వాళ్ళ పెళ్ళాలు మాత్రం ఇంటికెళ్ళి, ఆయన్ని చూసి బుద్ధి తెచ్చుకోమని మొగుళ్ళ ప్రాణం తీసేవాళ్ళు.

ఇంత మర్యాద ఎక్కణ్ణుంచి వచ్చిందంటే, అది బొత్తిగా లేని ఇంట్లోంచి వచ్చింది. తండ్రి చెయ్యి ఊరికే లేచేది. అది తల్లి చెంప మీద పడ్డప్పుడల్లా పిల్లవాడు బల్ల కింద దూరేవాడు. పెద్దయ్యాక ఆడదాని మీద చెయ్యెత్తనని ఆ బల్ల కిందే ఒట్టు పెట్టుకున్నాడు. మంచి ఒట్టే. దాన్ని తప్పుపట్టడానికి ఎవరికీ నోరు రాదు.

అద్దాల పనిలో చేరినవాడికి అన్నిటికన్నా ముందు నేర్పేది ఒకటుంది: జారితే వదిలెయ్. మాటతో చెబితే అది ఒంటికి పట్టదు. జారేదాన్ని పట్టుకోవడం మనిషి చేతికి పుట్టుకతో వచ్చిన గుణం. అందుకని మేస్త్రి పనికిరాని ముక్కనొకదాన్ని కొత్తవాడి ముందు కావాలని జారవిడుస్తాడు. వాడి చెయ్యి ముందుకొచ్చిందా, దాని మీద ఫట్‌మని ఒక దెబ్బ. మళ్ళీ ఇంకో ముక్క. చెయ్యి వెనక్కి, కాళ్ళు పక్కకి వాటంతటవే పోయేదాకా వాణ్ణి మంచి అద్దం ముట్టుకోనివ్వరు. మర్యాదయ్య అలాగే నేర్చుకున్నాడు. తన దగ్గర చేరిన మగాళ్ళందరికీ అలాగే నేర్పాడు.

తోడు పనివాడు సొంత షాపు పెట్టుకుని వెళ్ళిపోయినప్పుడు ఆయన తల పట్టుకుని కూర్చున్నాడు. పెద్ద అద్దాన్ని ఒక్కడు మొయ్యలేడు మరి.

"నేనున్నాగా," అంది భార్య, పొయ్యి దగ్గర్నుంచే.

"నువ్వా? చేతులు కోసుకుంటావ్."

"రోజూ కూరలు తరిగేది ఎవరయ్యా? వేళ్ళన్నీ ఉన్నాయో లేదో చూసుకో, ఇదిగో."

ఆవిడ నోటికి జడిసి ఒప్పుకున్నాడు. మొదటిరోజు పనికిరాని ముక్కను చేతిలోకి తీసుకున్నాడు కూడా. ఆవిడ జుట్టు ముడేసుకుని, తడి చేతులు తుడుచుకుని, బళ్ళో కొత్తగా వేసిన పిల్లలా ఎదురుగా నిలబడింది. కొట్టాల్సింది ఆ చేతుల మీద. ఆయన ముక్కను తీసుకెళ్ళి మళ్ళీ మూలన పెట్టేశాడు. సరే, కొట్టొద్దు, నోటితోనైనా చెప్పొచ్చు కదా? చెబితే బెదిరిపోతుందేమో అనుకున్నాడు. నేనుండగా అంతదాకా ఎందుకొస్తుందిలే అని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు.

అలా భార్యను పనిలో చేర్చుకున్నాడు గానీ పనివాళ్ళలో చేర్చుకోలేదు. తోలు చేతితొడుగులు గరుగ్గా ఉంటాయని ఆవిడకు మెత్తటి ఊలువి కొన్నాడు. మెట్లెక్కేటప్పుడు బరువంతా కింది మనిషి మీదే పడుతుంది కాబట్టి, పై కొస ఎప్పుడూ ఆవిడకే. కోత నేర్పమని అడిగితే కళ్ళల్లో నలుసు పడుతుందనేవాడు. కింది కొస అడిగితే నవ్వి ఊరుకునేవాడు.

"నన్ను పనికి తెచ్చావా, పేరంటానికి తెచ్చావా?" అని దెప్పేది ఆవిడ.

అయినా ఆ రోజులు బాగుండేవి. అద్దానికి ఆ చివర ఆవిడ మొహం, ఈ చివర ఈయన మొహం, నడుమ వీధంతా మెరుస్తూ కదిలేది. ఆవిడ ఏదో ఒకటి అని నవ్వించేది. నవ్వితే అద్దం ఊగుతుందని ఆయన ఉత్తుత్తి కోపం తెచ్చుకునేవాడు.

ఆడవాళ్ళకోసం కొత్తగా పెట్టిన వ్యాయామశాలకు గోడంత అద్దం కావాలన్నారు. మూడో అంతస్తు. అప్పటికే ఆయన కుడి మోకాలు మాట వినడం మానేసింది. ఆ సంగతి దాచాననుకున్నాడు. ఒకే మంచం మీద పడుకునే మనిషి దగ్గర ఏం దాస్తాడు?

"ఈ ఒక్కసారి కింది కొస నాకివ్వు. నీ మోకాలు చూస్తున్నాగా," అంది మెట్ల దగ్గర.

"నేను బతికుండగా నీ మీద బరువు పెడతానా?"

"పెడితే అరిగిపోతానా? మొండి మనిషివయ్యా నువ్వు!"

ఆవిడ విసుక్కుంటూనే పైకెళ్ళి తన కొస పట్టుకుంది. మూడో అంతస్తు మలుపులో ఆయన మోకాలు మడతపడింది. అద్దం కిందికి జారింది. పని నేర్చుకున్నప్పుడు మేస్త్రి కొట్టిన దెబ్బలు వృథా పోలేదు: ఆలోచన రాకముందే ఆయన చేతులు వదిలేశాయి, ఒళ్ళు గోడవైపు తప్పుకుంది.

ఆవిడ వదల్లేదు. కింద మొగుడున్నాడు. అద్దం వెళ్ళి ఆయన మీద పడుతుందనుకుంది. మెత్తటి ఊలు తొడుగుల్లోంచి ఆ బరువంతా అరచేతులను కోసుకుంటూ దిగిపోతున్నా, పళ్ళు బిగించి పట్టుకునే ఉంది. చివరికి అది మెట్ల మీద భళ్ళున పగిలింది. ఆయన తలెత్తి చూసేసరికి ఆవిడ చేతులు చాచి అలాగే నిలబడి ఉంది.

"నీకేం కాలేదుగా?" అని అడిగింది.

ఆసుపత్రిలో కుట్లు వేశారు. లోపల నరాలు తెగాయనీ, వేళ్ళు ముడుచుకునే ఉంటాయనీ, స్పర్శ తిరిగి రావడం కష్టమనీ చెప్పారు. మత్తు దిగాక ఆవిడ ఆయన వైపు తల తిప్పింది.

"నువ్వెందుకు వదిలేశావయ్యా?" అంది. ఆ అడగడంలో నిష్ఠూరం లేదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది.

చెప్పక తప్పలేదు. మేస్త్రి, పనికిరాని ముక్క, దెబ్బ, అన్నీ చెప్పాడు.

"ఈ పని చేసేవాళ్ళందరికీ తెలుసా అది?"

"అందరికీ."

"నాకు తప్ప."

 కోపంగా రెండు తిట్టినా బాగుండునని ఆశపడ్డాడు. ఆవిడ తిట్టలేదు, గోడవైపు తిరిగి పడుకుంది.

తర్వాత ఆయన ఆవిడకు తల దువ్వాడు, గుండీలు పెట్టాడు, అన్నం కలిపి నోట్లో పెట్టాడు. ఇలాంటి మొగుడు దొరకాలంటే పెట్టి పుట్టాలని వీధి ఆడవాళ్ళు వచ్చి పొగిడి వెళ్ళేవాళ్ళు. ఒకప్పుడు మాటకు మాట అప్పజెప్పే మనిషి వాళ్ళ ముందు ఉలుకూ పలుకూ లేకుండా కూర్చునేది. ఆ పొగడ్త వింటూ ఆయనకు ఎక్కడైనా దాక్కోవాలనిపించేది. బల్ల కింద దూరే వయసు దాటిపోయింది.

కొన్నాళ్ళకు ఆవిడ చెల్లెలు వచ్చింది. కుట్టుపని చేసే కార్ఖానా మూతపడి, పని లేక ఉంది.

"ఏం బావా, అక్క చోటు నాకిస్తావా?" అంది.

"వద్దమ్మా. ఇది ఆడవాళ్ళ..." అనబోయాడు.

"నోర్ముయ్," అంది భార్య. ఇన్నేళ్ళలో ఆవిడ ఆయన్ని ఆ మాట అనడం అదే మొదటిసారి. "దానికి నేర్పు. దెబ్బతో సహా నేర్పు. తోలు తొడుగులు కొను."

షాపు వెనక ఖాళీ జాగాలో పనికిరాని ముక్కలు పేర్చాడు. ఆవిడ వచ్చి గడప మీద కూర్చుంది. మొదటి ముక్క జారగానే మరదలి చెయ్యి ముందుకొచ్చింది. ఆయన చెయ్యి లేచింది గానీ గాల్లోనే ఆగిపోయింది.

"కొట్టవయ్యా!" అని అరిచింది భార్య.

కొట్టాడు. కళ్ళు మూసుకుని కొట్టాడు.

"అబ్బా! బానే తగిలింది బావా," అని మరదలు చెయ్యి రుద్దుకుంది. మళ్ళీ జార్చాడు, మళ్ళీ కొట్టాడు. సాయంత్రమయ్యేసరికి ముక్క జారితే ఆమె చెయ్యి ముందుకు రావడం మానేసింది. అద్దం నేలమీద పగిలింది, మనిషి పక్కన భద్రంగా నిలబడి ఉంది. ఎంత సులువు! ఒక్క పూట పని.

చెల్లెలు ముక్కలు ఊడ్చి పారబోయడానికి వెళ్ళాక, ఆవిడ గడప మీంచి లేచి వచ్చి ఆయన ఎదురుగా నిలబడింది.

"నాకూ నేర్పు," అంది.

"ఇప్పుడెందుకు? నీ చేతులు..."

"మొదటిరోజు అలాగే ముక్క పట్టుకుని నిలబడ్డావు, నాకు గుర్తుంది. ఆ రోజు చెయ్యాల్సింది ఇప్పుడు చెయ్యి."

ఆయన మిగిలిన ముక్క తీశాడు, జారవిడిచాడు. ముడుచుకుపోయిన ఆ రెండు చేతులూ ఠక్కున ముందుకొచ్చాయి. అంత జరిగాక కూడా ముందుకే వచ్చాయి. ముక్క వాటి పక్కనుంచి పడి పగిలింది. ఆయనకు కళ్ళల్లో నీళ్ళు తిరిగి ఏమీ కనబడలేదు. అలాగే చెయ్యెత్తి, మేస్త్రి కొట్టినట్టు, ఆవిడ వేళ్ళ మీద ఒక దెబ్బ వేశాడు.

ఆవిడ నేలమీది గాజు పెంకుల్నే చూస్తోంది. కాసేపటికి తలెత్తి, ఇంకా ఎదురుచూస్తున్నదానిలా ఆయన మొహంలోకి చూసింది.

"కొట్టావా?" అని అడిగింది.