బండ మీద నీళ్లు చూపిన ఓబుళప్ప

తాడిమర్రి నుంచి ధర్మవరం పోయే బస్సెక్కి, గుండ్లకుంటపల్లి ఓబుళప్ప తెలుసా అని పక్కనున్న ఇద్దరిని అడగండి. ఒకాయన "మా బోరు చూపించింది ఆయనే" అని సంతోషంగా చెబుతాడు. రెండో ఆయన కిటికీ వైపు తిరుగుతాడు. ఆయన బోరు చూపించింది కూడా ఓబుళప్పే.

ఓబుళప్ప నీళ్లు చూసేవాడు. పొలంలో బోరు ఎక్కడ వేయాలో టెంకాయతో చెప్పడం ఆయన పని. పొద్దున్నే తలకు పోసుకుని, పచ్చి గంగ కూడా ముట్టకుండా, పీచు ఒలిచిన టెంకాయను ఎడమ అరచేతిలో పడుకోబెట్టుకుని పొలమంతా నడుస్తాడు. భూమి అడుగున జల ఉన్నచోట టెంకాయ దానంతటదే లేచి నిలబడుతుందట. నిలబడినచోట ఒక రాయి పెడతారు, సాయంత్రానికల్లా బోరు బండి వస్తుంది. నీళ్లు పడితే ఓబుళప్ప చేతి చలవ, పడకపోతే రైతు తలరాత. "ఇంకా యాభై అడుగులు దించింటే తగిలేదప్పా" అని ఆయన నిజంగానే బాధపడతాడు. ఆ బాధలో నటన ఉండదు కాబట్టి, దెబ్బతిన్నవాళ్లు కూడా ఆయన్నే మళ్లీ పిలుస్తారు. అటు అమరాపురం దాకా, కన్నడం తప్ప ఇంకో మాట వినపడని ఊళ్ల దాకా వెళ్లి చూపించి వచ్చిన మనిషి.

ఆయన భార్య ఉలిగమ్మకు మాత్రం ఈ విద్య మీద పెద్ద నమ్మకం లేదు. ఆమె గొర్రెలు మేపుతుంది. చుట్టుపక్కల పొలాలకు నీళ్లు వచ్చినా రాకపోయినా, వాళ్ల పొయ్యి ఆరిపోకుండా కాచింది ఆ గొర్రెలే. ఊరి వెనక నామాలగుట్ట ఉంది. గుట్ట నెత్తిన చదునైన బండ, బండ చుట్టూ గడ్డి, పక్కనే ఒక దొన. దొన అంటే రాతిలో ఏర్పడిన గుంట. వాన నీళ్లు అందులో ఎండలు ముదిరేదాకా నిలుస్తాయి. పొద్దున గొర్రెలను ఎక్కించి, ఆ దొనలో నీళ్లు తాపి, చీకటి పడకముందే దించుకొస్తుంది ఉలిగమ్మ. పెళ్లై వచ్చిన ఏడు నుంచీ ఆమె దినచర్య అదే.

వాళ్లకు ఒక్కడే కొడుకు, హరిప్రసాద్. హిందూపురం దగ్గర ఫ్యాక్టరీలో పని. ఒకే గదిలో నలుగురైదుగురు కుర్రాళ్లతో సర్దుకుంటాడు, నెలకోసారి వస్తాడు. వచ్చిన ప్రతిసారీ ఒక దగ్గు వెంట తెచ్చుకుంటాడు. ఫ్యాక్టరీ దుమ్ము వల్ల వచ్చిందని అందరికీ తెలుసు. వాడు బస్సెక్కి పోయాక ఓబుళప్పకు ఒక పూట అన్నం సయించేది కాదు.

ఇట్లా ఉండగా కరెంటు కంపెనీవాళ్లు వచ్చారు. ఊరి బడిలో సభ పెట్టి, పవన్ కుమార్ అనే ఆఫీసరు పటం గోడకు తగిలించి వివరించాడు. గుట్ట నెత్తిన కట్ట కట్టి ఒక చెరువు చేస్తారు. పగలు ఎండ కరెంటు మిగిలిపోయినప్పుడు కింద రిజర్వాయరు నుంచి నీళ్లు పైకి తోడుకుంటారు. సాయంత్రం అందరూ స్విచ్చులు వేసే వేళకు ఆ నీళ్లను గొట్టాల్లో కిందికి వదిలి కరెంటు తీస్తారు. బొగ్గు లేదు, పొగ లేదు.

"సార్, నీళ్లు పైకి తోలేదానికి ఎంత కరెంటు కావాల?" అని అడిగాడు రామన్న. ఆయనా గొర్రెలవాడే.

"నాలుగు యూనిట్లు పెడితే మూడు వస్తాయండీ."

"అంటే ఒకటి లాసు. పొద్దున ఎక్కించి సాయంత్రం దించేదానికి ఇంత కష్టమా సార్? మా గొర్రెలు ఆ పని రోజూ ఉత్తపుణ్యానికి చేస్తాండాయి."

బడంతా ఘొల్లుమంది. పవన్ కుమార్ కూడా నవ్వాడు. తర్వాత ఓపిగ్గా చెప్పాడు. మధ్యాహ్నపు ఎండ కరెంటును అడిగే నాథుడు లేడు, సాయంత్రం అడిగేవాళ్లకు ఇవ్వడానికి లేదు, పారబోసేదాంట్లో మూడొంతులు దాచుకోవడం లాభమే కదా అన్నాడు. మాట న్యాయంగానే ఉంది. ధర్మవరంలో మరమగ్గాల ఇంటికి కోడలిగా పోయిన ఓబుళప్ప కూతురు చాముండేశ్వరి, సాయంత్రం కరెంటు పోయి మగ్గం ఆగిపోయిందని ఎన్నిసార్లు ఫోన్లో విసుక్కుందో లెక్కలేదు. గుట్ట మనది, కరెంటు వేరే ఊళ్లవాళ్లది అని గొర్రెలవాళ్లు అన్నారు. గుట్ట ఏం తిండి పెట్టింది, ఉద్యోగాలు వస్తాయని కుర్రాళ్లు అన్నారు. ఎండ నడినెత్తికి వచ్చినా వాదన తెగలేదు.

అప్పుడు లేచాడు మాజీ సర్పంచ్ రామాంజనేయులు. "మనలో మనకు కొట్లాట ఎందుకప్పా? గుట్ట మీద నీళ్లు ఉండే రాత ఉండాదో లేదో మన ఓబుళప్ప టెంకాయ చెబుతాది. లేచి నిలబడితే ఒప్పుకుందాం. పడుకుంటే వద్దందాం."

ఈ మాట అందరికీ తెగ నచ్చింది. రేపు మంచి జరిగినా చెడు జరిగినా తప్పు టెంకాయది, ఎవరి నెత్తికీ రాదు. టెంకాయ చెప్పేది భూమి అడుగున ఊరే జల సంగతి, కంపెనీ తెచ్చి పోసేది బండ పైన. ఈ తేడా ఊళ్లో ఒక్కరికీ తట్టలేదు. ఓబుళప్పకు తట్టింది. కానీ ఊరంతా కలిసి పెద్దరికం ఇస్తుంటే వద్దనడం మర్యాద కాదని ఊరుకున్నాడు. పవన్ కుమార్‌కు తట్టే ఉంటుంది, ఆయన ఇంకా మర్యాదస్తుడు. పోతూ పోతూ ఓబుళప్ప భుజం మీద చెయ్యి వేసి, "మీవాడు హిందూపురంలో ఉన్నాడంట కదా పెద్దాయనా, ఇక్కడే ఏదో ఒక పని చూద్దాం లెండి" అని మాత్రం అన్నాడు.

ఆ పూట సంగటి ముద్ద పెడుతూ ఉలిగమ్మ అంది, "ఏమయ్యా, ఆ గుట్ట పోతే నా గొర్రెల్ని నీ అరచేతిలో మేపుతావా?"

"అది నా చేతిలో ఉండాదా? టెంకాయ చెప్పేది కదా."

"టెంకాయ యాడ ఉంటాది? నీ చేతిలోనే కదా."

టెంకాయను పడుకోనిద్దాం, గుట్టను ఆమెకు ఉంచేద్దాం అని ఓబుళప్ప ఆ క్షణంలోనే గట్టిగా అనుకున్నాడు.

మరునాడు ఊరు ఊరంతా గుట్టెక్కింది. ఓబుళప్ప తలకు పోసుకుని, నుదుట బొట్టు పెట్టుకుని బండ మీద నడవడం మొదలుపెట్టాడు. ఉలిగమ్మ దొన దగ్గర గొర్రెలతో నిలబడి చూస్తోంది. ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచాడు, టెంకాయ కదల్లేదు. గొర్రెలవాళ్ల మొహాలు వెలిగాయి. తిరిగి వస్తుంటే కింద బస్సు రోడ్డు కనిపించింది. హరిప్రసాద్ ప్రతిసారీ అక్కడే నిలబడి, దగ్గుతూ, సంచి పట్టుకుని హిందూపురం బస్సుకు చెయ్యెత్తుతాడు. ఓబుళప్ప అడుగు ఆగింది. అరచేతిలో టెంకాయ లేచి నిలబడింది.

నిలబడిందా, నిలబెట్టాడా? ఓబుళప్పను అడిగితే తెలియదంటాడు. అబద్ధం కాదు. కాకపోతే ఆ తెలియకపోవడం కోసం ఆయన చాలా కష్టపడ్డాడు.

కుర్రాళ్లు ఈలలు వేశారు. పవన్ కుమార్ ఆయన చేతికి దండం పెట్టి ఫోటో తీయించుకున్నాడు. ఉలిగమ్మ గొర్రెలను అదిలించుకుని ముందే దిగిపోయింది. ఇంటికి వచ్చాక ఒకే మాట అంది. "నీ బొటనవేలు కదిలింది. నేను చూసినా."

"కదిలిండొచ్చు. బిడ్డ కోసం కదిలిందేమో."

"బిడ్డ నాకు మాత్రం కాదా?" అని ఆమె కళ్లు తుడుచుకుంది. టెంకాయ మాట ఆ తర్వాత వాళ్లిద్దరి మధ్యా ఎప్పుడూ రాలేదు.

పనులు మొదలయ్యాయి. మందుగుండు పేలితే ఊళ్లో ఇత్తడి బిందెలు గంటల్లా మోగేవి. గోడలు నెర్రెలిచ్చిన ఇళ్లవాళ్లు పవన్ కుమార్ దగ్గరికి పోతే, గోడలు పాతవి అన్నాడు. రెండు వేసవులు పోయాక దొన ఉన్నచోట, గడ్డి ఉన్నచోట సముద్రమంత నీళ్లు నిలిచాయి. ఓబుళప్ప చూపించినవాటిలో ఎవరూ వంక పెట్టలేని నీళ్లు అవే. "బండ మీద నీళ్లు చూపిన స్వామి" అని పెనుకొండ వైపు నుంచి కూడా మనుషులు కార్లలో వచ్చి పిలుచుకుపోయారు.

ఆ వైభవం ఎంతో కాలం నిలవలేదు. పైచెరువు ఊట దిగి గుట్ట కింది బోర్లన్నీ పొంగాయి. తాడిమర్రి పక్క ఎక్కడ పొడిచినా నీళ్లే. నీళ్లు ఎక్కడైనా దొరికేటప్పుడు చూసేవాడితో ఏం పని? పుట్టినప్పటి నుంచీ నీళ్లు రావాలని మొక్కిన మనిషి, నీళ్లు వచ్చి పనిలేక అరుగు మీద కూర్చున్నాడు. కూతురు మాత్రం ఫోన్ చేసి, "నాయనా, సాయంత్రం మగ్గం ఆగడంల్యా" అని మురిసిపోయింది. ఆయనకు నిజంగా సంతోషం వేసింది.

అంతకన్నా పెద్ద సంతోషం, హరిప్రసాద్ ఇంటికి వచ్చేశాడు. కంపెనీ గేటు దగ్గర సెక్యూరిటీ ఉద్యోగం, నీలం చొక్కా, పచ్చ హెల్మెట్టు. దగ్గు తగ్గింది. తల్లి చేతి సంగటి తిని డ్యూటీకి పోతుంటే ఓబుళప్ప వీధి చివరి దాకా చూస్తూ నిలబడేవాడు.

ఎండలు ముదిరాయి. ఊరి చుట్టూ పొలాలన్నిటికీ నీళ్లు వచ్చాయి కాబట్టి పైర్లు, పైర్లు ఉన్నాయి కాబట్టి కంచెలు. గడ్డికైనా నీళ్లకైనా గొర్రె నోరు పెట్టే జాగా లేదు. ఒకరోజు ఉలిగమ్మ మందను పాత దారి పట్టించింది. పనేమీ లేని ఓబుళప్ప కూడా వెంట నడిచాడు. సగం గుట్ట ఎక్కేసరికి గేటు వచ్చింది. గేటు ముందు హరిప్రసాద్ ఉన్నాడు.

"అమ్మా, ఈడికి ఎందుకు వస్తివి? లోపలికి వదలకూడదు."

"మేపనులేరా. నీళ్లు తాపుకుని పోతా."

"కెమెరా ఉండాది మా. గేటు తీస్తే నా ఉద్యోగం పోతాది."

కట్ట వెనక నీళ్ల వాసన తగిలి గొర్రెలు గేటుకు తలలు ఆనించి అరవడం మొదలుపెట్టాయి. ఉలిగమ్మ కొడుకును వదిలి మొగుడి వైపు తిరిగి, "అంత మందికి చూపిస్తివి కదయ్యా, వీటికి కూడా చూపించు" అంది. ఓబుళప్ప తల దించుకున్నాడు.

హరిప్రసాద్ అటూ ఇటూ చూశాడు. చెరువు నీళ్లు ముట్టుకోవడానికి కాపలావాళ్లకూ హక్కు లేదు. వాళ్లకు తాగే నీళ్లు కిందినుంచి క్యానులో వస్తాయి, రోజుకు ఒక్కటే. వాడు హెల్మెట్టు తీసి నేల మీద వెల్లకిలా పెట్టి, ఆ క్యాను వంచాడు. గొర్రెలు ఒకదాన్నొకటి తోసుకుంటూ తాగాయి. హెల్మెట్టు ఖాళీ అయినప్పుడల్లా పోశాడు. క్యాను తలకిందులు చేసి ఆఖరి చుక్క కూడా రాల్చాక, ఎండలో ఉత్త తలతో నిలబడి నవ్వబోయాడు.

"మరి నీకో?" అంది ఉలిగమ్మ.

"సాయంత్రం బండి వస్తాది లేమ్మా."

సాయంత్రానికి ఇంకా చాలా పొద్దు ఉంది. ఉలిగమ్మ చంకలోని సంచిలోంచి తన నీళ్ల సీసా తీసి వాడి చేతిలో పెట్టింది. వాడు వద్దన్నా వినలేదు. గొర్రెలను మళ్లించి కొంత దూరం దిగాక, వెనక వస్తున్న ఓబుళప్ప కోసం ఆగింది.

"వచ్చే సంతకు వీటిని తోలుకపోయి అమ్మేసి రా. నా గొర్రెల కోసం వాడు రోజూ నాలుక ఎండబెట్టుకుంటే నేను చూడలేను."