మామ్మగారు ఖాళీగా పంపని తుపాకీ

“ట్రక్కు తాళాలు ఎవరి దగ్గర ఉన్నాయి?” అని అడిగారు మా ఆయన.

“నా దగ్గరే ఉన్నాయి. మీరు పడుకోండి,” అన్నాను.

“అయితే సరే,” అన్నారు.

మా ఇద్దరి మధ్య ఆఖరి మాటలు అవే. అప్పటికి మేము పని మానేసి రెండేళ్ళు దాటింది. ఆ ట్రక్కు ఎప్పుడో అమ్ముడుపోయింది. ఆస్పత్రి మంచం మీద, మందుల మత్తులో, ఆయన మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉన్నారు. నేను చెప్పింది అబద్ధమే. అది విని ఆయన నిమ్మళంగా కళ్ళు మూసుకున్నారు, నాకదే చాలు.

మా చెల్లెలి కూతురు సుజాత షికాగో దగ్గర నేపర్‌విల్‌లో ఉంటుంది. పనిచేసి రిటైరైనవాళ్ళ అనుభవాలు మా తెలుగు చర్చి పత్రికలో వేస్తున్నారట. “డాక్టర్లూ ఇంజనీర్లూ చెప్పేది అందరికీ తెలుసు పెద్దమ్మా, నువ్వు చేసిన పని ఎవరికి తెలుసు, నువ్వు చెప్పు” అని కూర్చుంది. నా చదువు మూడో తరగతితో ఆగింది. అంకెలు వచ్చు, సంతకం వచ్చు. నేను చెబుతున్నాను, అది రాస్తోంది.

నేను చేసిన పని తుపాకులను ఒకచోటి నుంచి మరొకచోటికి ట్రక్కులో భద్రంగా చేర్చడం. నవ్వకండి. పదకొండేళ్ళు చేశాను.

మా ఆయన గుంటూరు వైపు పోలీసు రిజర్వు దళంలో ఆర్మరర్. అంటే తుపాకులు విప్పి, తుడిచి, నూనె పెట్టి, చెడిపోతే బాగుచేసే ఉద్యోగి. ఇక్కడున్న వాళ్ళ అన్నయ్య వీసాకు కాగితాలు పెడితే ఈ దేశం వచ్చాం. షికాగోకు పడమరగా, మొక్కజొన్న చేల మధ్య, డేల్ అనే ఆయనకు తుపాకులు రిపేరు చేసే షాపు ఉండేది. అక్కడ ఆయనకు బెంచి దగ్గర పని దొరికింది. నేను షాపు ఊడ్చేదాన్ని. అంతకుముందు ట్రక్కు నడిపినతను పెట్రోలు పోయించుకునే గ్యాస్ స్టేషన్‌లో ట్రక్కుకు తాళం వెయ్యకుండా లోపలికి వెళ్ళి కాఫీ తాగాడు. డేల్ గారు అతన్ని ఆ పూటే పని మాన్పించారు. తర్వాత ఆ పికప్ ట్రక్కు మా ఆయనకు ఇచ్చారు. రెండో మనిషి కావాలంటే నన్ను ఎక్కించారు. అందుకు నాకూ తుపాకీ కార్డు, అంటే తుపాకీ దగ్గర ఉంచుకోవడానికి సర్కారు ఇచ్చే అనుమతి, తీయించారు. ఫోటో దిగడానికి వెళ్ళినప్పుడు చీర కట్టుకున్న మనిషిని చూసి అక్కడివాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

పని ఎలా ఉంటుందో చెబుతాను. వేటకు వెళ్ళేవాళ్ళు, ముసలివాళ్ళు, యజమాని పోయిన ఇళ్ళవాళ్ళు ఫోన్ చేస్తారు. మేము వెళ్ళి తుపాకులు తెస్తాం. ముందు ఆయన తుపాకీ తెరిచి చూపిస్తారు. తూటా కూర్చునే చోటును చాంబర్ అంటారు. నేను అందులో చిటికెన వేలు పెట్టి తడిమి, “ఖాళీ” అని పైకి అంటాను. ఆయన కూడా చూసి “ఖాళీ” అంటారు. ఇద్దరూ అనాలి, తల ఊపితే చెల్లదు. తర్వాత చాంబర్‌లో నారింజ రంగు ప్లాస్టిక్ పట్టీ పెడతాం. అది ఉంటే లోపల తూటా లేదని ఎంత దూరం నుంచైనా తెలుస్తుంది. తర్వాత తుపాకీని గట్టి పెట్టెలో పడుకోబెట్టి పెట్టెకు తాళం. ఆ పెట్టె ట్రక్కు వెనక తొట్టిలో, క్యాబిన్‌కు ఆనించి అడ్డంగా బిగించిన రేకుపెట్టెలోకి. దానికి ఇంకో తాళం. తూటాలు మాత్రం వాటితో కలవకూడదు. వాటికి వేరే డబ్బా, వేరే తాళం, సీటు వెనక. తుపాకుల తాళాలు నా దగ్గర, తూటాల తాళం ఆయన దగ్గర. ట్రక్కు మీద తుపాకీ బొమ్మ గానీ షాపు పేరు గానీ ఉండకూడదు. దారిలో ఆగితే ఒకరు ట్రక్కులోనే ఉండాలి.

వీటన్నిటికీ మించి డేల్ గారు పెట్టిన నియమం ఒకటుంది. చేతిలోంచి వదిలి కంటికి కనబడనిచోటికి వెళ్ళొస్తే, అది మనం ఇంతవరకూ చూడని తుపాకీ కింద లెక్క. మళ్ళీ మొదటి నుంచి చూడాలి.

ఇక ఆ రోజు సంగతి. మేము ట్రక్కు పని మొదలుపెట్టిన మూడో ఏడు, దసరా వెళ్ళిన రెండు వారాలకు. నేపర్‌విల్‌లో ఒక తెలుగువాళ్ళ ఇంటికి పంపారు. ఇంటాయన ఇంజనీరు. ఆఫీసు స్నేహితులతో జింకల వేట అలవాటైంది. నాలుగు నెలల కిందట గుండె ఆగి పోయాడు. ఇంట్లో ఆయన భార్య వసంత, ఆయన తల్లి ఉన్నారు. తల్లిని అందరూ మామ్మగారు అంటారు. వసంతకు ఆ తుపాకులు ఇంట్లో ఉంటే నిద్ర పట్టడం లేదు. రెండు రైఫిళ్ళు, ఒక పాత డబుల్ బ్యారల్, అంటే రెండు గొట్టాల తుపాకీ. ఆ డబుల్ బ్యారల్‌కు లోపల మీట అరిగిపోయింది. గట్టిగా కుదిపితే ట్రిగ్గర్ నొక్కకపోయినా పేలే రకం. ఇంటాయన బతికుండగానే రిపేరుకు తెస్తానని డేల్ గారితో చెప్పి ఉన్నాడు.

హాల్లో తివాచీ మీద పని మొదలుపెట్టాం. మామ్మగారు సోఫాలో కూర్చుని చూస్తున్నారు. నేను “ఖాళీ” అన్నప్పుడల్లా ఆవిడ ముఖం చిట్లించుకుంటున్నారు. నేనది చూశాను గానీ పట్టించుకోలేదు. రెండు రైఫిళ్ళకు తాళాలు పడ్డాయి. డబుల్ బ్యారల్ కూడా చూసి, పట్టీలు పెట్టి, పెట్టెలో పడుకోబెట్టాం. మూత ఇంకా వెయ్యలేదు. మూడో తాళంకప్ప ట్రక్కులో ఉండిపోయింది. తెద్దామని లేస్తుంటే వంటింట్లోంచి వసంత వచ్చింది.

“కాఫీ కలిపాను, రండి అంకుల్. ఆంటీ, మీరూ రండి.”

“వద్దమ్మా, డ్యూటీలో తాగకూడదు,” అన్నారు ఆయన.

“ఆయన పోయాక ఈ ఇంట్లో ఎవరూ కాఫీ తాగడం లేదు అంకుల్. వచ్చినవాళ్ళందరూ నిలబడే వెళ్ళిపోతున్నారు,” అంది.

 ఆయన నా వైపు చూశారు, నేను ఆయన వైపు చూశాను. ఒకరం ఆగాలి. ఇద్దరమూ వెళ్ళాం. వంటింటి బల్ల దగ్గర నుంచి హాలు కనబడదు. ఉప్మా కూడా పెట్టింది. పది నిమిషాలు కూర్చున్నాం. మొహమాటం, ఇంకేమీ కాదు.

తిరిగొచ్చేసరికి పెట్టె మూత వేసి, కొక్కేలు చక్కగా బిగించి ఉన్నాయి. మామ్మగారు సోఫాలోనే ఉన్నారు. ఆయన ట్రక్కులోంచి కప్ప తెచ్చి తాళం వేశారు. మూడు పెట్టెలూ మోసుకుని ట్రక్కు దగ్గరికి వెళ్ళాం. రెండు రేకుపెట్టెలోకి వెళ్ళాయి. మూడోది ఆయన ఎత్తబోతుంటే నేను పట్టుకున్నాను.

“ఇది మళ్ళీ చూడాలి.”

“ఇందాకే చూశాం కదే!”

“ఇందాక చూశాక కాఫీకి వెళ్ళాం.”

“నీ చాదస్తం తగలెయ్యా. వాళ్ళు కిటికీలోంచి చూస్తున్నారు. వాళ్ళేదో తీసుకున్నారని మనం వెతుకుతున్నామనుకుంటారు. బాగుండదు.”

“అనుకోనివ్వండి. మీరైతే రూలు చదివి, ఇది ఈ ఇంటికి వర్తిస్తుందా లేదా అని ఆలోచిస్తారు. నాకు చదవడం రాదు. చేసిందే మళ్ళీ చేస్తాను.”

ఆయనకు కోపం వచ్చింది. అయినా పెట్టెను టైల్‌గేట్ మీద, అంటే ట్రక్కు వెనక తలుపు వాల్చిన పలక మీద పెట్టారు. నేను తాళం తీశాను. మూత ఎత్తగానే తెలిసింది. నారింజ పట్టీలు రెండూ తుపాకీలో లేవు. పక్కన, బట్టలు మడతపెట్టినట్టు, ఒకదాని మీద ఒకటి ఉన్నాయి.

“చెయ్యి తీయవే,” అన్నారు ఆయన.  ఆ తుపాకీని ఒక్క కుదుపు లేకుండా, నిద్రపోతున్న పసిబిడ్డను తీసినట్టు రెండు చేతులతో తీసి, గొట్టాలు మట్టి వైపు వంచి తెరిచారు. రెండు గొట్టాల్లోనూ తూటాలు ఉన్నాయి. ఇత్తడి అడుగుల మీద ఒక్కొక్క కుంకుమ బొట్టు. అవి జింక వేటకు వాడే ఒంటిగుండు తూటాలు. రేకుపెట్టె ఆ గుండుకు అడ్డం కాదు. మా పెట్టెలు ట్రక్కులో అడ్డంగా, గొట్టాలు పక్క వరస వైపు ఉంటాయి. మేము వెళ్ళాల్సింది గంటన్నర హైవే దారి. మా పక్క వరసలో వెళ్ళే కారు ఎవరిదో, అందులో వెనక సీట్లో ఎవరు ఉండేవారో, ఇప్పటికీ నేను అనుకుంటాను.

ఆయన ట్రక్కు దగ్గరే ఉండిపోయారు. నేను లోపలికి వెళ్ళి మామ్మగారి పక్కన కూర్చున్నాను. అరవలేదు. ఎవరు పెట్టారని అడగనూ లేదు.

“అవి ఎక్కడివి మామ్మగారూ?”

“దేవుడి గూట్లోవి. ప్రతి దసరాకూ మా వాడు ఆయుధపూజ చేసి రెండు అక్కడ పెట్టేవాడు. ఈసారి నేనే పెట్టాను.”

“తుపాకీలో ఎందుకు పెట్టారు మరి?”

ఆవిడ నన్ను ఏమీ తెలియని పిల్లను చూసినట్టు చూశారు. “ఖాళీ ఖాళీ అంటూ తీసుకుపోతున్నారు మీరు. పక్కింటివాళ్ళ గిన్నె తిరిగిచ్చినా చిటికెడు పంచదార వేసి ఇస్తామే! మా వాడి వస్తువు ఈ గడప దాటి ఒట్టిగా పోతుందా? దాంట్లో ఏం పెడతారో అదే పెట్టాను. వాడు పెట్టగా ఎన్నిసార్లు చూశానో.”

వసంత తలుపు దగ్గర నిలబడి రెండు చేతులతో నోరు మూసుకుంది. “అయ్యో అత్తయ్యా,” అని మాత్రం అంది.

నేను క్రైస్తవురాలిని. ఆయుధపూజ నాకు అలవాటు లేదు. గిన్నె ఒట్టిగా ఇవ్వకపోవడం మాత్రం మా ఇంట్లోనూ ఉంది. మా అమ్మ చేసేది, నేనూ చేస్తాను. ఆవిడ చేసింది తప్పని నా నోటితో అనలేకపోయాను.

“నిజమే మామ్మగారూ, అడగకపోవడం మాదే పొరపాటు. తూటా తప్ప ఇంకేదైనా ఇవ్వండి. పెట్టెలో పెట్టి నేనే తీసుకెళ్తాను,” అన్నాను.

ఆవిడ లేచి వెళ్ళి కొడుకు చేతిరుమాలు తెచ్చారు. అందులో పసుపుకొమ్ము కట్టి ఉంది. తీసుకెళ్ళి పెట్టె మూతకున్న సంచిలో పెట్టాను. తుపాకీని మళ్ళీ మొదటి నుంచి చూశాం. ఖాళీ, ఖాళీ. పట్టీలు పెట్టాం, తాళం వేశాం. ఈసారి మామ్మగారు కూడా గుమ్మంలో నిలబడి చూశారు. ముఖం చిట్లించలేదు.

 హైవే ఎక్కాక ఆయన మెల్లగా అన్నారు, “కరుణా, డేల్‌కు చెప్పొద్దు. ఏమీ జరగలేదు కదా. మనకు ముందు ట్రక్కు నడిపినవాణ్ణి కాఫీకే తీసేశాడు. ఈ వయసులో నాకు ఇంకో పని ఎవరిస్తారు?”

ఆయన భయం నాకు తెలుసు. మా ఇంటి అద్దె, మందులు, అన్నీ ఆ ట్రక్కు మీదే నడిచేవి. నేనన్నాను, “చెప్పకపోతే రేపు ఇంకో తెలుగింటికి వెళ్తాం. అక్కడా ఇంకో మామ్మగారు ఉంటారు. మన తర్వాత వచ్చేవాళ్ళకు ఈ సంగతి తెలియదు.” ఆయన రేడియో పెట్టారు, వెంటనే ఆపేశారు.

షాపులో డేల్ గారికి నేనే చెప్పాను. నా ఇంగ్లీషు ఎంతని? రెండు తూటాలు బల్ల మీద పెట్టి, లోపల ఉన్నాయని, కాఫీ తాగామని, ఇద్దరమూ తాగామని, తప్పు మాదేనని చేతులతో, మాటలతో చెప్పాను. మామ్మగారి సంగతి మాత్రం మా ఆయన వివరించారు. 

డేల్ గారు తూటాల మీది కుంకుమను బొటనవేలితో తుడిచి చూశారు. మళ్ళీ పెట్టె తెరిచింది ఎవరని అడిగారు. నేను చెయ్యెత్తాను. వద్దన్నది ఎవరని అడిగారు. మా ఆయన చెయ్యెత్తారు. అది ఆయన గొప్పతనం. మా మాటలు ఎవరూ వినలేదు కదా, ఎత్తకపోయినా నేను చెప్పేదాన్ని కాదు.

డేల్ గారు మమ్మల్ని పని మాన్పించలేదు. రెండు వారాలు ట్రక్కు ఎక్కనివ్వలేదు, బెంచి దగ్గరే ఉంచారు. తర్వాత గోడకున్న బోర్డు మీద ఏదో రాశారు. నేను చదవలేనని తెలిసి మా ఆయన చేతే చదివించారు. ఇకపై టైల్‌గేట్ దగ్గర ఆఖరి మాట కరుణదని, ఆమె సరే అనకుండా ట్రక్కు కదలకూడదని రాసి ఉంది. దాని కింద ఇంకో లైను. ఎవరి ఇంటికి వెళ్ళినా, పని మొదలుపెట్టే ముందే, వీటితో పాటు ఏమైనా పంపాలనుకుంటున్నారా అని అడగాలి.

ఆ ప్రశ్న అడిగితే తెలుగువాళ్ళే కాదు, అమెరికావాళ్ళు కూడా ఏదో ఒకటి ఇచ్చేవారు. ఒకాయన తన తండ్రి టోపీ ఇచ్చాడు. ఒకావిడ ఫోటో ఇచ్చింది. కొందరు ఆ ప్రశ్న విన్నాకే, దిండు కింద ఇంకో తుపాకీ ఉందనో, సొరుగులో తూటాలు ఉన్నాయనో చెప్పేవారు. ఊరికే అడిగితే చెప్పనివి అవి.

మా ఆయన ఆ తర్వాత ఎనిమిదేళ్ళు నా మాట కోసం టైల్‌గేట్ దగ్గర నిలబడ్డారు. కొన్నాళ్ళు వెటకారం చేసేవారు, “మేడం గారూ, వెళ్ళమంటారా?” అని. తర్వాత వెటకారం పోయింది, అడగడం మిగిలింది. ముప్పై ఏళ్ళు తుపాకులు పట్టిన మనిషి, నిన్నగాక మొన్న వాటిని ముట్టుకున్న నా మాటకు ఆగారు. ఆయనకూ, డేల్ గారికీ, నాకు సంగతి దాచకుండా చెప్పిన ఆ మామ్మగారికీ నేను రుణపడి ఉన్నాను.

ఈ పనిలో నేను నేర్చుకున్నది ఇంతే. ప్రమాదం చెడ్డవాళ్ళ నుంచే వస్తుందనుకుని తాళాలు వేస్తాం. ప్రేమతో వచ్చేదానికి తాళం చాలదు. ముందు అడగాలి, తర్వాత మళ్ళీ చూడాలి. మర్యాద కోసం ఆ రెండూ మానేయకూడదు.

అయిపోయింది సుజాతా. మామ్మగారి మాటలు ఆవిడ అన్నట్టే రాశావా, నువ్వేమైనా నగిషీ చెక్కావా? ఏదీ, మొదటి నుంచి చదివి వినిపించు.